వావిలాకు ఆవిరి

గత ఆషాఢంలో ఒక ఆదివారం, గజపతినగరం. ఉన్నవాళ్లం: నేను, నా మేనకోడలు సునీత, ఆమె భర్త, అత్తగారు.

కొన్నాళ్లుగా సునీత కాళ్లు తడబడుతున్నాయి. మెదడులో కొన్ని కణాలు చేతుల్లాంటి కొమ్మలు చాచి, నరాల పోగుల చుట్టూ కొవ్వు పొరలు చుడతాయి. సునీతకి ఆ తొడుగు ఊడిపోతోందని, ఒంటికి వేడి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని కనుక, బొమ్మ గీసి మరీ ఆ ఇంట్లోవాళ్లకి వివరించాను.

ఆ రోజు నేను వెళ్లేసరికి సునీతకి దుప్పటి కప్పి వావిలాకు ఆవిరి పడుతున్నారు.

"మావయ్యా, కళ్లు కనబడ్డం లేదు" అని లోపల ఏడుస్తోంది. దుప్పటి లాగేశాను. లేవబోయి కూలబడింది.

"చంపేస్తారా దాన్ని?" అని అరిచాను.

"వాతానికి ఆవిరి పట్టక ఏటి సేస్తాం అన్నయ్యా? పొలంలో వరి ఉడుపులొచ్చేసరికే దీనికి కాళ్లు పడిపోతాయి" అంది అత్తగారు. భర్త దుప్పటి మడతపెట్టుకుంటున్నాడు.

డాక్టరుకి ఫోను చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఫ్యాను కింద పడుకోబెట్టి, ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్న సునీతకి చూపు తిరిగొచ్చింది. గోడ పట్టుకుని మెల్లగా నడిచింది.

"సూసినారా! నిన్న గుడ్డిది, తెల్లారేసరికి మంచిది. నాటకం కాపోతే ఏటిది?" అంది ఆవిడ.

ఒళ్లు చల్లబడితే ఆ నరాలు మళ్లీ కాస్త పనిచేస్తాయని చెప్పడానికి కూడా నాకు మనసొప్పలేదు. ఆ ఇంట్లో జబ్బుపడినా నేరమే, తేరుకున్నా నేరమే. ఆవిరి కుండని వాకిట్లో పగలగొట్టి, సునీతని మా ఇంటికి తీసుకుపోదామని ఆటో ఎక్కించాను.