పన్నెండు ఫ్రేములు, ఒక్క మెతుకు

సూరత్ పక్కనే ఉన్న హజీరాలోని ఒక భారీ యంత్రాల కర్మాగారంలో నాణ్యత తనిఖీ విభాగం సీనియర్ మేనేజర్‌గా రిటైరైన మరుసటి జూన్‌లో, సూరత్‌లోనే నాకు రెండో ఉద్యోగం దొరికింది. ఒకప్పుడు నా కింద పనిచేసిన సుధీర్ ఉద్యోగం మానేసి, వరాఛాలో చిన్న షెడ్డు తీసుకుని, కార్బన్ సైకిల్ ఫ్రేములు తయారుచేసి సొంత పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. మీరు పాస్ చేస్తే నాకు నిద్ర పడుతుంది సార్ అన్నాడు. పొగడ్తకు పడనివాణ్ణని ఫ్యాక్టరీలో నాకు పేరు. ఆ రోజు మాత్రం పడ్డాను.

పని ఇదీ. రెజిన్ అనే జిగురు పట్టించిన కార్బన్ గుడ్డను కత్తిరించి, దానికి అంటుకుని వచ్చే పల్చటి ప్లాస్టిక్ పొరను ఒలిచేసి, ముక్క మీద ముక్క అచ్చులో పేర్చి, ఓవెన్‌లో ఉడికించాలి. తనిఖీ నాది, పేర్చే పని పద్మది. సిరిసిల్ల వైపు నేతపనివాళ్ళ కుటుంబం. అంతకుముందు పదేళ్ళు రింగ్ రోడ్ మార్కెట్లకు వెళ్ళే చీరల గుడ్డను తనిఖీ చేసింది.

మొదటి విడత పన్నెండు ఫ్రేములు. ఒకదాని మీద విరిగేదాకా బరువు పెట్టి చూశాను. అనుకున్నదానికంటే ఎక్కువే మోసింది. ఉక్కులో మా పద్ధతి అదే: ఒకే కొలిమిలో కరిగిన పలకలన్నిటికీ ఒక్క ముక్క పరీక్ష సరిపోతుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు కదా. మిగతా పదకొండింటికీ పాస్ కాగితాలు రాసి సంతకం పెట్టేశాను.

వాటిలో అమ్ముడైన మొదటిది శనివారం ఒక పిల్లల డాక్టరుగారికి ఇవ్వాలి. ఆదివారం ఆయన తన సైకిల్ క్లబ్బుతో డుమస్ బీచి దాకా తొక్కుతారు. శుక్రవారం పద్మ నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"సార్, నడుమ కరెంటు పోయినప్పుడు ఒక ముక్కకు పొర ఒలిచిన్నో లేదో యాదికొస్త లేదు. ఏ ఫ్రేమో గూడ తెల్వది."

ఆ పొర లోపల ఉండిపోతే గుడ్డకూ గుడ్డకూ అతుకు పడదు. పైకి ఏమీ కనబడదు. గట్టి గతుకు తగిలిన రోజు గొట్టం చీలుతుంది, తొక్కేవాడు రోడ్డు మీద పడతాడు. ఇవన్నీ తెలిసీ, పరీక్ష పాసైందమ్మా, భయపడకు అన్నాను.

"మొదటి మీటరు జూసి గుడ్డ తాను మొత్తం పాసంటే మా చీరల సేఠ్ ఊకునేటోడు గాదు సార్."

నాకు కోపం వచ్చింది. ఆమె మాట తప్పని చూపడానికే రూపాయి బిళ్ళ తీసి ఫ్రేములన్నిటినీ వరసగా తట్టాను. అతుకు బాగున్నచోట ఖంగుమంటుంది. ఏడో ఫ్రేము కింది గొట్టం మాత్రం ఒకచోట మొద్దుగా పలికింది. డాక్టరుగారు కోరిన నీలం రంగు వేసి, పెట్టెలో సర్దడానికి సిద్ధంగా ఉన్నది అదే. సుధీర్ రంపం తెచ్చి తనే కోశాడు. లోపల ప్లాస్టిక్ పొర మెరుస్తూ ఉంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

సుధీర్ అప్పటికప్పుడే డాక్టరుగారికి ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, కొత్త ఫ్రేముకు గడువు అడిగాడు. ఆయన సరేనన్నారు. ఆయన క్లబ్బులో ఇద్దరు మాత్రం ఆర్డరు మానుకున్నారు.

ఉక్కు ఒకే కుండలో ఉడికిన అన్నం. చేత్తో పేర్చిన ఫ్రేములు పన్నెండు వేరువేరు కుండలు. ఇది పుస్తకాల్లోనూ ఉంది, నేను చదివాను కూడా. ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే పద్మ నోరు విప్పింది కాబట్టి ఆ డాక్టరుగారు రోడ్డు మీద పడలేదు. నా సంతకం వల్ల కాదు. ఇప్పుడు మా పాస్ కాగితం మీద రెండు సంతకాలుంటాయి. పైన పద్మ పెట్టాకే కింద నేను పెడతాను.