ఎంగిలవ్వని ఆకు

మొన్న మధ్యాహ్నం మా కోడలు వంటింట్లోకి వచ్చి, మీ ఊరి యాసలో ఎవరో భలేగా మాట్లాడారు చూడండంటూ ఫోను నా మొహం ముందు పెట్టింది. పెళ్లి భోజనాల పంక్తి. అరిగిపోయిన రంగులు. భుజాన కండువాతో సన్నటి మనిషొకడు విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. వడ్డించేవాడు వచ్చి భుజం తట్టి, ఇది మగపెళ్లివారి పంక్తి, లెమ్మంటాడు. మనిషి లేస్తాడు. కండువా సర్దుకుని, "ఆకు ఎంగిలవ్వలేదు బాబూ, ఇంకొకలికి పనికొస్తాది" అని వెళ్లిపోతాడు. అంతే. దాని కింద ఎవరెవరో ఆహా ఓహో అని రాశారు. ఈయన పేరేమిటని ఒకరు అడిగితే, ఇంకొకరు ఎవరిదో పేరు చెప్పారు. నిజానికి ఆ కండువా మనిషి మా పెదమావయ్య, మా అమ్మకి అన్నగారు. ఆ మాట మా కోడలికి చెప్పలేదు. పోపు మాడుతోందని చెప్పి స్టవ్ వైపు తిరిగాను.

హైస్కూలు చదువుకి నన్ను నర్సీపట్నంలో ఆయనింట్లోనే ఉంచారు. డెబ్బైల చివరి మాట. మావయ్య తెలుగు మాస్టారు. పండగల్లో నాటకాలాడితే రాజు వేషం ఆయనదే. అట్ట కిరీటం మా మంచం కింద ట్రంకు పెట్టెలో ఉండేది, దాన్ని ముట్టుకుంటే వీపు పగిలేది. పద్యం అందుకుంటే జనం వన్స్‌మోర్ అని అరిచేవారు. ఆయన కూడా అడగడమే ఆలస్యం అన్నట్టు మళ్లీ పాడేవాడు. మనిషికి గర్వం లేదని అబద్ధం చెప్పను, ఉండేది. నలుగురూ తనని ఆ రాజుగానే గుర్తుపెట్టుకోవాలని ఆయన కోరిక. అంతకన్నా పెద్ద కోరిక ఆయనకి ఇంకేదీ ఉన్నట్టు నాకు తెలీదు.

గొలుగొండ వైపు ఒక పాత మేడలో సినిమా తీస్తున్నారని, పంక్తిలో కూర్చోడానికి మనుషులు కావాలని కబురొచ్చింది. మావయ్య మడత నలగని పంచె కట్టుకుని వెళ్లాడు. ఆయన పద్యం ఎవరూ వినలేదు. ఈ లేచి వెళ్లిపోయే వేషం ఇచ్చి, మీ ఊళ్లో ఎలా అంటారో అలా ఏదో ఒకటి అనమన్నారట. ఇంటికొచ్చి చెబితే మా అత్త మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "రాజేసాలు ఏసినోరు, ఇస్తరి కాడ లేపేసే ఏసం ఏటండీ?" అంది. మావయ్య నవ్వేసి, సినిమా అంటే తెలీనిదానివన్నాడు.

ఆ సినిమా ఎక్కడా ఆడలేదు. నర్సీపట్నంలో మాత్రం ఒక హాలువాళ్లు ఎత్తేస్తే ఇంకో హాల్లో వేశారు. పాయకరావుపేట నుంచి, ఎస్. రాయవరం నుంచి బస్సులెక్కి వచ్చేవారు. మావయ్య సీను రాగానే ఈలలు. ఆపరేటరు రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేస్తేగాని ఊరుకునేవారు కాదు. అది చూసేసి సగంమంది లేచి వెళ్లిపోయేవారు, హీరో ఏమైపోయాడో వాళ్లకి పట్టలేదు. హాలు గేటుకి విస్తరాకుల దండ కూడా వేశారు. ఇంత పిచ్చి ఎందుకని చాలా ఏళ్లు ఆలోచించాను. అప్పటిదాకా సినిమాలో మా యాస వినిపిస్తే వాడు దొంగో, తింగరివాడో అయ్యుండేవాడు. ఈ మనిషి అదే యాసలో మర్యాద నిలబెట్టుకున్నాడు. ఇంకో సంగతి. హీరో ముచ్చటంతా సినిమావాళ్లే తీర్చేస్తారు, మనం చేయడానికేమీ మిగలదు. లేచి వెళ్లిపోయినవాడు ఆ పూట ఎక్కడ తిన్నాడో సినిమా చెప్పలేదు. అందుకని ఎవరికి వాళ్లే చెప్పుకున్నారు. ఏదో ఒక పంక్తిలోంచి ఎవరో ఒకరు లేపనివాడు మా ఊళ్లో ఎవడున్నాడు?

అందరూ నవ్వుతుంటే హాల్లో అత్త ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని మావయ్య విసుక్కున్నాడు.

తర్వాత పెళ్లిళ్లలో మొదలైంది. మావయ్య విస్తరి ముందు కూర్చోగానే ఎవరో ఒక కుర్రాడు వచ్చి భుజం తట్టేవాడు. మావయ్య లేచి ఆ మాట అనాలి. మొదట్లో సరదాగానే అన్నాడు. రానురాను అది పెళ్లి తంతులో భాగమైపోయింది. ఒకసారి అంటే చాలదు, పంక్తి పంక్తికీ కావాలి. ఈలోగా అన్నం చల్లారిపోయేది. అందుకని అత్త ఏ పెళ్లికైనా ఇంట్లో కడుపునిండా పెట్టి పంపేది. ఆయన చివరి ముద్ద మింగేదాకా పక్కనే పీట వేసుకుని కూర్చునేది. ఆ ఏడు అమ్మవారి పండగలో మావయ్య రాజ్యం పోగొట్టుకున్న రాజుగా పద్యం ఎత్తుకుంటే, జనంలోంచి ఎవరో "మేస్టారూ, ఆకు" అన్నారు. మైదానమంతా నవ్వింది. పద్యం అక్కడే ఆగింది. కిరీటం మళ్లీ ట్రంకు పెట్టెలోంచి బయటికి రాలేదు.

ఎనభైల నడుమ అత్త కామెర్లతో పోయింది. ఆ కుర్రాళ్లే పాడె మోశారు, పందిరి వేశారు, పెద్దదినం నాడు పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ వండారు. వాళ్లు చెడ్డవాళ్లని అనలేను. అనగలిగితే నాకు సుఖంగా ఉండేది. బంధువులంతా తిన్నాక మావయ్యని ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టారు. ఆ రోజు ఇంట్లో ముందే అన్నం పెట్టేవాళ్లు లేరు. తల వంచుకుని ఆకు వైపు చూస్తున్నాడు. ఆయన మొహం చూడలేక, పాపం ఒక్కసారి నవ్వించాలని, వడ్డిస్తున్న కుర్రాడు మెల్లగా భుజం తట్టాడు.

మావయ్య లేచాడు. కండువా సర్దుకున్నాడు. "ఆకు ఎంగిలవ్వలేదు బాబూ," అన్నాడు. మిగతాది అనలేదు. పెరట్లోకి నడిచాడు. పందిట్లో ఎవరో నవ్వారు, ఆ వెనకే చప్పట్లు. సినిమాలో కన్నా బాగా చేశాడన్నారు. నేను చెంబుతో నీళ్లు పట్టుకెళ్లేసరికి ఆయన నూతి గట్టున కూర్చుని, అన్నం అంటని చేతులే కడుక్కుంటున్నాడు. "మీ అత్త ఉంటే పెట్టి పంపును," అన్నాడు. ఆ పూట ఆయన ఎక్కడా తినలేదు. ఆ సంగతి ఊళ్లో నాకొక్కదానికే తెలుసు.

ఆయన పోయి చాలా కాలమైంది. స్టవ్ కట్టేసి చూస్తే ఫోను ఇంకా బల్లమీద ఆడుతూనే ఉంది. అది అయిపోగానే దానంతటదే మళ్లీ మొదటికొస్తుందట. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు. మావయ్య విషయంలో దానికి వచ్చిన పని ఒక్కటే, ఆకు ముందు కూర్చోబెట్టడం, తినకముందే లేపేయడం.