తొడిమ తియ్యని అక్షరాలు

పోయిన నెలలో ఒక పొద్దున మా బావగారు పోయారు. వాకిట్లో కుర్చీ వేసుకుని టీ తాగుతూ, ఎదుటి మందుల షాపు బోర్డు మీద అక్షరాలను తిడుతూ ఉండగా గుండె ఆగింది. "సగం తిట్టు నోట్లోనే ఉండిపోయిందే," అని అక్క ఫోన్లో ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మధ్యలో ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాం.

ఆయన అక్షరాలు గీసేవారు. గుంటూరులో చిన్న డీటీపీ సెంటరు ఉండేది. పొద్దంతా విత్తనాల సంచులకీ, పురుగుమందు కరపత్రాలకీ ఎవరివో ఫాంట్లు వాడి, ఇంటికొచ్చాక సొంత ఫాంటు గీసుకునేవారు. తొంభై ఎనిమిదిలో మొదలుపెట్టారు. "అచ్చులో అక్షరాలన్నీ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని క్యూలో నిలబడ్డట్టున్నాయమ్మా. ఒక్కదానికీ కోపం రాదు, నవ్వూ రాదు," అనేవారు.

ఇంగ్లీషు అక్షరాల చివర చిన్న పాదాలుంటాయి కదా, అలాంటి సొగసు తెలుగుకీ తేవాలని ఆయన పంతం. మనవి గుండ్రటివి. పాదాలు పెట్టి చూస్తే బోడిగుండుకి జడ వేసినట్టు వచ్చింది. దాంతో ఆయన దృష్టి తలకట్టు మీద పడింది, అక్షరం నెత్తిన ఉండే ఆ చిన్న గీత మీద.

ఆ రోజుల్లోనే ఒకసారి, ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి అక్క మిరపకాయల తొడిమలు తీస్తోంది. బావగారు ఎదురుగా చేరారు.

"ఆగవే, ఆ తొడిమ తియ్యకు. ఆ వంపు చూడు, ఎంత పొగరో."

"వంపులు చూస్తూ కూర్చుంటే కారం ఎవరు కొట్టిస్తారండీ?"

వినిపించుకోలేదు. నచ్చిన కాయలన్నీ ఏరి బల్ల మీద పేర్చుకుని, గ్రాఫు కాగితం మీద తొడిమలు గీస్తూ, ఆలోచనలో పడి అదే చేత్తో కళ్లు నులుముకున్నారు. సరిగ్గా అప్పుడే ఇంటి ఓనరు వచ్చారు. బొటబొటా కన్నీళ్లు కారుస్తున్న మొగుడు, చేతిలో చేటతో పెళ్లాం. "సంసారాలన్నాక ఉంటాయిలెండి," అని గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయారు. ఆ వంపులే చివరికి ఆయన తలకట్లయ్యాయి.

నా పెళ్లినాటికి ఫాంటు పూర్తయింది. ఒక్క ప్రెస్సూ తీసుకోలేదు. "మరీ కులుకుతున్నాయండీ," అన్నాడొకాయన. ఒక్క కార్డయినా తన అక్షరాల్లో అచ్చయితే చూడాలని బావగారి కోరిక. నా శుభలేఖ అందులోనే కూర్చి తెచ్చారు. మా నాన్న లేరు, పెళ్లి పెత్తనమంతా పెదనాన్నదే. కార్డును చేతికందినంత దూరం పెట్టి చూశారు.

"ఏంటయ్యా అల్లుడూ, పెళ్లివారు దీన్ని చూసి పిల్ల కూడా ఇట్టాగే గెంతుద్దనుకుంటే?"

శుభలేఖ మామూలు అక్షరాల్లోనే అచ్చయింది. నాకు చాలా బాధేసింది. బావగారే నన్ను ఓదార్చారు. "అక్షరానికైనా సంబంధం కుదిరేదాకా ఆగాలమ్మా." పెళ్లి భోజనాల్లో మాత్రం పెదనాన్న వద్దు వద్దంటున్నా ఆయన విస్తట్లో గోంగూర పచ్చడి బావగారే మళ్లీ మళ్లీ వడ్డించారు.

ఆ తర్వాత కూడా ఫాంటును దిద్దుతూనే ఉన్నారు. నేను ఫోన్ చేస్తే క్షేమసమాచారాలు ఉండవు. "ళ కొంచెం లావెక్కిందమ్మా, నీలాగే," అనేవారు. ఇవాళ నేను బస్సు బోర్డునైనా ఒక్క క్షణం ఆగి చూస్తానంటే ఆ చూపు ఆయనిచ్చిందే.

పెద్దకర్మ కార్డులు కూడా పెదనాన్నే ప్రెస్సుకు చెప్పబోయారు. అక్క అడ్డుపడింది, ఆయన అక్షరాల్లోనే వేయించాలంది.

"చావు కార్డమ్మా. కులికే అక్షరాలేంటి? నలుగురూ నవ్వరూ?"

"నవ్వనీండి. ఆయనకింకో కార్డు ఉండదు పెదనాన్నా."

అక్క సెంటరుకు వెళ్లి, బావగారి కుర్చీలో కూర్చుని తనే కంపోజు చేసింది.

సాయంత్రానికి కట్టలు వచ్చాయి. పెదనాన్న ఒక కార్డు తీసుకుని అరుగు మీద కూర్చున్నారు. తేదీ ఆయన పెట్టిందే, భోజనాల చోటు ఆయన చెప్పిందే, చదవడానికేమీ లేదు. అయినా చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. బావగారి పేరు దగ్గర ఆగి, మొదటి అక్షరం మీద వేలు పెట్టి నెమ్మదిగా జరపడం మొదలుపెట్టారు, ఎక్కే చోట ఎక్కుతూ, తిరిగే చోట తిరుగుతూ.

"అల్లుడికి ఇంత వయ్యారం ఎక్కడిదే?" అన్నారు అక్కతో, తలెత్తకుండానే. ఆయన వేలు ఇంకా పేరు మధ్యలోనే ఉంది.