ఓటు మాత్రం ఊళ్లోనే

ఎమ్మెల్యేగా పోటీ చేస్తున్నానని మావాడు ఫోన్‌లో చెప్పగానే వాళ్లమ్మ అన్న మొదటి మాట, "నా ఓటు నీకే బిడ్డా." యూనివర్సిటీ క్యాంటీన్‌లో టీ తాగుతున్నాం. స్పీకర్ ఆన్‌లో ఉండబట్టి నేనూ విన్నాను. ఆమె ఓటేమో ఎక్కడో ఊళ్లో ఉంది. వీడు నిలబడుతున్నది ఇక్కడ, తార్నాకలో. ఆమె ఎంత ముచ్చటపడ్డా కొడుక్కి ఓటు వేసే వీలు లేదు. రాజ్యాంగం మీద పీహెచ్‌డీ చేస్తున్న పెద్దమనిషి ఆ ఒక్క ముక్క చెప్పకుండా "సరే అమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

"ఆమెకు చెప్పల్ల కదప్పా?" అన్నాను.

"చెప్తా అక్కా. మస్తు ఖుషీగ ఉన్నది. ఇప్పుడే ఎందుకు?"

నాది రాయలసీమ. వీడి డిపార్టుమెంటులోనే చదివి, పెళ్లయ్యాక తార్నాకలో ఫ్లాట్ తీసుకుని ఉండిపోయాను. వీడు నాకు తమ్ముడి లాంటివాడని అందరూ అంటారు. నిజంగా తమ్ముడైతే ఆ రోజే రెండు తగిలించేదాన్ని.

పార్టీ ఏమీ లేదు, స్వతంత్ర అభ్యర్థి. గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు, వాడూ అనుకోలేదు. ఉద్యోగాల నోటిఫికేషన్ల గురించి ఎన్నికలప్పుడైనా ఒకరు గొంతెత్తాలని నిలబడ్డాడు. క్యాంపస్‌లో మీటింగ్ పెడితే మాత్రం జనం విరగబడి వచ్చారు. ఈలలు, డప్పులు, నినాదాలు. ఏమో, గెలిచినా గెలుస్తాడేమోనని నాక్కూడా ఆశ పుట్టింది. హాస్టల్ పిల్లలతో కలిసి పొద్దున లాలాగూడ రైల్వే క్వార్టర్లు, సాయంత్రం తార్నాక అపార్టుమెంట్లు తిరిగాం. కరపత్రాల సంచీ నా భుజానే ఉండేది.

ఒకరోజు లాలాగూడలో టీకొట్టు దగ్గర ఆగినప్పుడు నాకెందుకో అనుమానం వచ్చింది. "మనలో ఇక్కడ ఓటున్నవాళ్లు చేతులెత్తండి," అన్నాను. లేచింది నా చెయ్యి ఒక్కటే. హాస్టల్ పిల్లలందరి ఓట్లూ వాళ్ల వాళ్ల ఊళ్లలోనే ఉన్నాయి. అభ్యర్థి గారి ఓటు కూడా అంతే. కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. అంతమందిమి తిరిగేది తిరిగాం గానీ ఆ మాటే ఎవరికీ తట్టలేదు.

"ఇప్పుడన్నా మీ అమ్మకు చెప్పు," అన్నాను.

"పోలింగ్ ముంగట చెప్తా అక్కా."

చెప్పలేదు. పోలింగ్ రోజుకి పిల్లలంతా బస్సులెక్కి ఊళ్లకు పోయారు. వాళ్లమ్మ మాత్రం ఊరి నుంచి రైలెక్కి, ఎవరికీ చెప్పకుండా మల్కాజ్‌గిరిలో దిగింది. వాడు నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ వచ్చింది. నేను లాలాగూడ బూత్‌ల కాడ ఇరుక్కున్న. ఆటోల నీ బూత్ కాడికే పంపుతున్న. జర నువ్వే చెప్పవా?"

నాకు ఒళ్లు మండిపోయింది. తిడదామనుకునేలోపే పెట్టేశాడు.

మా బూత్ ఒక స్కూల్లో. నేను వెళ్లేసరికే ఆమె కొత్త చీరలో, గేటు దగ్గర స్లిప్పులిచ్చే టేబుల్ ముందు నిలబడి ఉంది. అక్కడి ఉద్యోగి ఆమె కార్డు తిప్పి చూసి వెనక్కి ఇచ్చాడు.

"నీ ఓటు గీడ లేదమ్మా. మీ ఊళ్లెనే ఉన్నది."

"మా ఊళ్లె మిషన్ల మా కొడుకు లేడు గద సార్," అంది ఆమె.

నేనెవరో చెప్పి, ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి, వాడు చెప్పాల్సిందంతా నేను చెప్పాను. తిరిగి ఊరికి చేరేలోపు అక్కడ కూడా పోలింగ్ అయిపోతుందని కూడా చెప్పాల్సి వచ్చింది. ఆమె కార్డును కొంగుకు ముడేసుకుంది.

"వానికి ఎర్కనేనా?"

"మొదటి నుంచీ తెలుసమ్మా," అన్నాను, నాలుగు తిట్లు తిడుతుందనే ఆశతో.

"నా సంబురం చూసి చెప్పలేకపోయిండు పాపం," అంది.

వాడి మీది కోపం వాడి మీదే ఉంది గానీ, పోయి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"నీ ఓటు గీడనేనా బిడ్డా?"

"అవునమ్మా, ఇక్కడే."

ఆమె గబుక్కున లేచింది. గోడకు అంటించిన అభ్యర్థుల జాబితా దగ్గరికి నన్ను తీసుకెళ్లింది. చదువు రాదు. గుర్తుల మీద వేలు జరుపుకుంటూ కిందికొచ్చి ఇస్త్రీపెట్టె దగ్గర ఆపింది.

"గిదే మావోనిది. మర్చిపోకు. గట్టిగ ఒత్తు."

ఆ గుర్తు కోసం ఇన్నాళ్లూ ఇల్లిల్లూ తిరిగినదాన్ని, బుద్ధిగా తలూపాను. ఆమె నాతో పాటే క్యూలో నడిచింది. గది గుమ్మం దగ్గర పోలీసాయన ఆపితే అక్కడే నిలబడింది.

లోపల ఇస్త్రీపెట్టె పక్కనున్న మీట నొక్కాను. లైటు వెలిగింది. మిషన్ కుయ్‌మని మోగి ఆగింది. నా వేలు మాత్రం మీట మీదే ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగి గుర్తులన్నీ మసకబారాయి.

"అయిపోయింది మేడమ్, రండి," అన్నాడు అధికారి.

ఇంకాస్త గట్టిగా ఒత్తాను.