కొండ ఎక్కకూడని ఏడాది

విదేశంలో, సార్నియా ఊళ్ళో ఇంజనీరుగా రిటైరైన పరాంకుశంగారు రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన ఆల్ప్స్ రైలు సీట్ల పటం పరుచుకుంటారు. లోయలు బాగా కనిపించే వైపు చూసి, పెన్సిల్‌తో రెండు సీట్లకు సున్నాలు చుడతారు. కిటికీ పక్క సీటు ఆయన భార్య వైదేహిది. ఆవిడ పోయాక, "ఏడాది తిరిగేదాకా కొండ ఎక్కకూడదు" అంటూ ప్రయాణం వాయిదా వేశారు. జన్మలో వర్జ్యం చూసిన మనిషి కాదు. "అది టెంపుల్ ఉన్న కొండలకి డాడ్, ఆల్ప్స్‌కి కాదు" అని కూతురు విద్య చెప్పినా వినలేదు.

నిన్న సంవత్సరీకం అయిపోయింది. ఈ పొద్దున విద్య ఫోన్ చేసి, "ఇప్పుడు వెళ్ళొచ్చుగా, ఒక టికెట్ బుక్ చేయనా?" అంది. ఆయన రబ్బరు తీసి కిటికీ పక్క సున్నా మీద పెట్టారు. చెరపలేక పక్కన పెట్టేశారు.

"ఆగమ్మా, పంతులుగారిని అడగాలి. ఇంకేమైనా పట్టింపు మిగిలిందేమో."