పొట్లం మీద నాన్న నవ్వు

నాచారం పారిశ్రామికవాడలో లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులో నేను షీట్లు సరిచూసేవాణ్ణి. ఒక్కో షీటులో పదహారు లేబుళ్లు. పదహారూ ఒకేలా ఉన్నాయని చూసి మూల మీద సంతకం పెట్టాలి. ఊళ్లో ఒకప్పుడు మా దొరల గడీ ముందు జనం చెప్పులు చేతబట్టుకుని నడిచేవారు. ఇప్పుడు ఉప్పల్‌లో మాది రెండు గదుల అద్దె వాటా. అయినా స్టూలు మీద కూర్చున్నప్పుడు కూడా నేను నడుము వంచేవాణ్ణి కాదు. మెషిన్ నడిపే అతను నన్ను దొరా అని పిలిచేవాడు. వెక్కిరింపని తెలిసీ పలికేవాణ్ణి.

తొంభైల మొదట్లో ఒక ఛాయ్‌పత్తి కంపెనీ తన కొత్త టీపొడి పొట్లం మీదికి పాతకాలపు పెద్దమనిషి బొమ్మ కావాలంది. చనిపోయిన మా నాన్న ఫోటో తీసుకెళ్లాను. తలకు రుమాలు, మీసం, ఎదుటివాణ్ణి నిలబెట్టే చూపు. ఆ ముఖం మళ్లీ ఇంటింటికీ తెలుస్తుందనుకున్నాను. ప్రతిఫలం వద్దన్నాను.

ప్రెస్సు ఆర్టిస్టు ఫోటోను కిటికీ వెలుగుకు పట్టి చూశాడు.

"ముఖం మస్తుగుంది సార్. గానీ నవ్వుతలేడు. ఈ ముఖం సూసి ఛాయ్ ఎవడు తాగుతడు? దీని మీదనే కుంచె పెడ్త. ఇంట్ల ఇంకోటి ఉంది గదా?"

లేదు. గడీ వదిలిన రోజు మిగతావన్నీ అక్కడే పోయాయి. కానీ దొరల ఇంట్లో ఒక్క ఫోటోయే మిగిలిందని ఎలా చెప్పను?

"చాలా ఉన్నాయి," అన్నాను.

పది నిమిషాల్లో పెదవుల చివరలు పైకి లేచాయి. కళ్ల కింది గీతలు మాయమయ్యాయి.

"లోపల ఏమున్నదో ఇప్పుడు ఎవరడుగుతున్నరు సార్," అన్నాడతను కుంచె కడుగుతూ. "ఫారిన్‌ల డబ్బా మీది బొమ్మనే పెద్దగ గీసి గోడకు పెడుతున్నరు. అదే కళ అంటున్నరు. పైన మెరిస్తే సాలు."

వారం తర్వాత మొదటి షీటు తీయబోతే మెషిన్ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముట్టకు దొరా. మీ నాయిన ఇంక తడిగనే ఉన్నడు."

అందరూ నవ్వారు. షీటులో పదహారుగురు నాన్నలూ నవ్వుతూనే ఉన్నారు.

నాన్న తద్దినం రోజు కుంచె పడిన ఆ ఫోటోకే దండ వేశాను. పక్క వాటా ఆమె గుమ్మంలో ఆగి, "ఛాయ్‌పత్తాయనకు దండేసిన్రేందమ్మా?" అని అడిగింది. ఆమె వెళ్లాక అమ్మ ఫోటో దగ్గరికి వచ్చి చూసింది.

"గిట్ల నవ్వంగ నేనెన్నడు సూడలే బిడ్డా," అంది. "మంచిగున్నడు."

నాన్న పోయిన రోజు నేను ఏడవలేదు. జనం ముందు మనం ఏడవకూడదని ఆయనే నేర్పాడు. తర్వాత ఎప్పుడైనా ఒంటరిగా ఏడవొచ్చని దాచుకున్నాను. ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని, మంచం మీంచి చివరిసారి నన్ను చూసిన ఆయన ముఖం కోసం మనసులో వెతికాను. అక్కడా నవ్వుతున్నాడు. ఏడుపు రాలేదు.

పొట్లం బాగా అమ్ముడైంది. ఆర్డరు నెలనెలా వచ్చేది. పని మానేద్దామంటే కారణం చెప్పాలి, చెబితే ఆ ఒక్క ఫోటో సంగతి బయటపడుతుంది. అందుకే నడుము నిటారుగా పెట్టుకుని, పదహారు ముఖాలనూ ఒక్కొక్కటిగా చూసేవాణ్ణి. ఒక్కదానిలోనైనా పెదవి కాస్త కిందికి దిగి ఉంటుందేమోనని వెతికేవాణ్ణి. అన్నీ ఒకేలా ఉండేవి. సంతకం పెట్టేవాణ్ణి.