హద్దురాయి కింద బొగ్గులు

ఈ ఉదయం సర్వే వాళ్లు మా మెట్టలో హద్దురాయి పక్కన గుంత తవ్వారు. తడిమట్టిలోంచి పాత బొగ్గు వాసన లేచింది. అది ముక్కుకు తగలగానే నరసమ్మప్ప నా వెనకాలే నిలబడి, "ముందు వాసన సూడే, తరవాత నమ్ము" అన్నట్టనిపించింది.

మా వైపు జమీందార్ల ఇంటిని దివాణం అంటాం, అక్కను అప్ప అంటాం. అక్కడి వంటశాలకు నరసమ్మప్ప పెద్ద. కొత్తకోడలిగా ఈ ఊరొచ్చి నేను ఆమె చేతికింద పనిలో చేరాను. ఆమెకు సంతకం రాదు కాని, ఆ వంశం కథంతా నోటికి వచ్చు. చింతపండు పిక్కలు తీస్తూ చెప్పేది. మొదటి దొరగారు కత్తి పట్టి పన్నెండు ఊళ్లు గెలిచారట. "గెలిసినారంట. ఎవులు సూసినారు? ఆ కథ రాసినోడికి బువ్వ పెట్టింది ఆ దొరే కాదేటి?" అని నవ్వేది. ఆయన కొడుకు ఏనుగుల మోజులో నాలుగూళ్లు పోగొట్టాడు. ఆ తరవాతి ఆయనకు పిల్లల్లేక దత్తత తెచ్చుకున్నారు. జమీలు రద్దయ్యాక ఊళ్లన్నీ పోయి దివాణం, దాని పక్కన ఈ మెట్ట మిగిలాయి. పెద్దరాణిగారు పోయే ముందు మెట్టను వంటవాళ్ల అయిదిళ్లకూ నోటిమాటగా ఇచ్చారు. అందులో మా అత్తవారిల్లు ఒకటి. జీడితోట వేసుకుని దాని మీదే బతికాం. రాణిగారి మాట చెవులారా విన్నది మాత్రం నరసమ్మప్ప ఒక్కతే.

హద్దుల సంగతీ ఆమే చెప్పింది. దివాణం వాళ్లు రాయి పాతితే కింద చింతకర్ర బొగ్గులు పోసేవారట. రాయిని ఎవరైనా జరపొచ్చు, బొగ్గులు మట్టిలోనే ఉండిపోతాయి.

రాణిగారు పోయిన ఏడాదికి ఆమె మనవడు చినబాబు విశాఖపట్నం నుంచి హద్దుల పటం పట్టుకుని వచ్చాడు. మెట్ట అవతలి గట్టున ఉన్న రాయి చూపించి, అక్కడిదాకా దివాణానిదే అన్నాడు. నరసమ్మప్ప కుచ్చిళ్లు ఎగదోపి ఎదురు నిలబడింది.

"రాయి నడిసొచ్చినట్టున్నాది బాబూ. కింద తవ్వించండి."

"చెప్పడానికి నువ్వెవరు? గరిటె తిప్పుకోక."

"నాకేటి తెలస్తాది బాబూ. మట్టికి తెలస్తాది."

తవ్వితే మట్టి తప్ప ఏమీ రాలేదు. ఆమె అడుగులు లెక్కపెట్టుకుంటూ దివాణం గోడ దగ్గరి తాటిచెట్టుదాకా వెళ్లి మడమతో నేల తన్నింది. అక్కడ తవ్వితే బొగ్గులు పడ్డాయి. ఊరి పెద్దలు ఆమె మాటే నిజమని, రాయిని తెచ్చి ఆ బొగ్గుల మీదే పాతమన్నారు. చినబాబు పటం మడిచి కారెక్కాడు. నేను సంబరంగా గుంతలోంచి ఒక బొగ్గు తీశాను. అది గిన్నె అంచులా వంపు తిరిగి ఉంది. చింతకర్ర అలా కాలదు. ఇస్త్రీపెట్టెలో వేసే కొబ్బరిచిప్ప బొగ్గు అది. తలెత్తేసరికి నరసమ్మప్ప నా వైపే చూస్తోంది.

మర్నాడు చింతపండు ముందు కూర్చున్నాక అడిగాను. "అప్పా, ఆ బొగ్గులు..."

"సూసినావా?"

"సూసినాను."

"మరి నోరెత్తలేదేటే?"

"రాణిగోరు నిజంగా ఇచ్చినారా?" అన్నాను.

"నీకేటనిపిస్తన్నాది?" అని చింతపండు ముద్ద వాసన చూసి బుట్టలో వేసింది. పోయేదాకా అంతకుమించి చెప్పలేదు. చినబాబు రాయి కిందా బొగ్గు లేదు కదా, అతను జరిపించినట్టే కదా అని ఒకరోజు ధైర్యం చెప్పుకుంటాను. మర్నాడు ఆ వంపు బొగ్గు గుర్తొస్తుంది.

ఇప్పుడు దివాణం కొన్నవాళ్లు అక్కడ రిసార్టు కడతారట. మెట్ట కూడా తమదేనంటున్నారు. అందుకే ఈ సర్వే; రాయి కింద పాత బొగ్గులున్నాయో లేదో చూస్తారు. సర్వేయరు గుంతలోకి వంగేలోపే నేను చెయ్యి పెట్టాను. వేళ్లకు తగిలిన వంపు ముక్కలన్నీ గుప్పిట్లోకి తీసుకుని, రెండో చేత్తో నల్లటి పొడి ఎత్తి, "ఇదిగో బాబూ, బొగ్గులు" అని చూపించాను. ఆయన తల ఊపి రాసుకున్నాడు.

పక్కకు చూస్తే మా కోడలు నా మూసిన గుప్పిటను చూస్తోంది. ఏదైనా వాసన చూశాకే నమ్మాలని దానికి నేర్పింది నేనే. సాయంత్రం ఇద్దరం చింతపండు ముందు కూర్చోవాలి.